వాగు అవతలికి మాట చేరాలంటే

మీ ఊరికీ తారు రోడ్డుకీ మధ్య ఒక వాగు ఉందా? జూలై వచ్చిందంటే అది పొంగుతుందా? కరెంటు పోయిన కొన్ని గంటలకే ఫోన్లో సిగ్నల్ గీతలు మాయమవుతాయా? తెలంగాణలోని చర్ల, దుమ్ముగూడెం, గుండాల, అశ్వారావుపేట మండలాల్లోనూ, అటు ఆంధ్రప్రదేశ్ వైపు కూనవరం, వేలేరుపాడుల్లోనూ అడవి అంచున ఉండేవాళ్లలో చాలామంది ఈ మూడు ప్రశ్నలకూ అవుననే అంటారు. ఈ అధ్యాయం మీకోసమే.

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అంతకంటే పైకి వచ్చింది 1986 ఆగస్టులో, 75.6 అడుగులు. 2024 జూలై 18న అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీళ్లు తెలంగాణ ఊళ్లనూ దిగువనున్న ఆంధ్రా ఊళ్లనూ ముంచెత్తాయి. వరదలో చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్‌తో బయటికి తేవాల్సి వచ్చింది. ఇలాంటి రోజున ఊళ్లో నలుగురి చేతుల్లో నాలుగు వాకీటాకీలుంటే ఏమవుతుంది? వరద ఆగదు. కానీ ‘పైన నీళ్లు పెరుగుతున్నాయి, గొడ్లను మెరకకు తోలండి’ అన్న మాట దిగువ పొలాలకు నీళ్లకంటే ముందు చేరుతుంది. ఆ కాస్త వ్యవధి ఎంత విలువైనదో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

సెట్లు కొనడం గంటలో అయిపోయే పని. వాటిని వాడే పద్ధతి మీద నలుగురూ ముందే ఒక మాట మీదికి రావడమే అసలు పని. పెట్టెలోంచి మొదటిసారి సెట్టు తీసేది వరద రోజునే అయితే అది పనికిరాదు. అందుకే ఇందులో చెప్పేవి చాలావరకు తునికాకు కల్లాలు ముగిసిన తర్వాత, తొలకరి లోపు చేసుకోండి. తీరిక దొరికేదీ అప్పుడే.

1. ముందు చట్టం తెలుసుకోండి

దీన్ని వదిలేసి ముందుకు పోవద్దు. 2018 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి వాకీటాకీలకు లైసెన్స్ అక్కర్లేదు. ఆ మోడల్‌కు మాత్రం ఈటీఏ అనే ప్రభుత్వ అనుమతి ఉండాలి. కొనేటప్పుడు రెండే ప్రశ్నలు అడగండి: ఇది ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుంది? ఈటీఏ పత్రం ఉందా? అమ్మేవాడు తడబడితే ఆ సెట్టు వదిలేయండి. ఆన్‌లైన్‌లో ఈ వివరాలు దాచిపెట్టి అమ్మే సెట్ల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025లో మార్గదర్శకాలు కూడా తెచ్చింది.

ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. ‘అర వాట్ సెట్టు ఎందుకు, అదే ధరకు ఐదు వాట్లది వస్తోంది కదా’ అని కొనేస్తారు. అలాంటి సెట్లు చాలావరకు పోలీసు, అటవీ శాఖలు వాడే ఫ్రీక్వెన్సీల దాకా పోతాయి. లైసెన్స్ లేకుండా వాటిని వాడటం నేరం. మనది సరిహద్దు అడవి. ఈ దారుల్లో భద్రతా బలగాలు తిరుగుతుంటాయి. జేబులో అనుమతి లేని సెట్టుతో ఒక కుర్రాడు తనిఖీలో దొరికితే ఆ ఇంటికి ఎంత కష్టమో ఊహించండి.

లైసెన్స్ అక్కర్లేని సెట్టయినా దాచుకుని తిరగొద్దు. బిల్లు, ఈటీఏ పత్రం నకళ్లు ఒక కవర్లో పెట్టండి. గ్రామ పంచాయతీ లెటర్‌హెడ్ మీద ‘వరద సమయంలో సమాచారం కోసం ఈ సెట్లు వాడుతున్నాం, సెట్లు ఉండేది వీళ్ల దగ్గర’ అని పేర్లతో సహా రాయించి ఒక కాపీ పోలీస్ స్టేషన్‌లో, ఇంకొకటి అటవీ రేంజ్ కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకోండి. కిన్నెరసాని అభయారణ్యంలోకో పాపికొండల వైపో వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి వేరే తీసుకోవాలి. చేతిలో సెట్టు ఉన్నంత మాత్రాన ఆ అనుమతి వచ్చినట్టు కాదు.

2. సెట్లన్నీ ఒకే చాప మీద పెట్టండి

సెట్లు పంచేసి, ఎవరింట్లో వాళ్లు సెట్ చేసుకుంటామంటే ఒప్పుకోకండి. అందరూ ఒకచోట కూర్చోండి. బ్యాటరీలు పూర్తిగా ఛార్జ్ చేయండి. ఒక్కో సెట్టు వెనక ఒక అంకె రాసిన స్టిక్కర్ అంటించండి. యాంటెన్నా ఊడేదైతే గట్టిగా బిగించండి. యాంటెన్నా లేకుండా మాట్లాడే బటన్ ఎప్పుడూ నొక్కకండి, లోపలి భాగం కాలిపోవచ్చు. సెట్టును యాంటెన్నా పట్టుకుని ఊపుకుంటూ నడిచే అలవాటు పిల్లలకే కాదు, పెద్దలకూ ఉంటుంది. మొదటి రోజే మాన్పించండి.

ఈ బ్యాండ్‌లో 16 ఛానళ్లు ఉంటాయి. మాటలకు ఒకటి, అది బిజీగా ఉంటే మారడానికి ఇంకొకటి ఎంచుకోండి. రెండు చాలు. ఛానల్ అంకె పక్కనే మరో చిన్న అంకె కనబడుతుంది చూశారా? అది కోడ్. కొత్తవాళ్లను బాగా తిప్పలు పెట్టేది ఇదే. మీ సెట్టులో కోడ్ 5 పెట్టి ఉండి, అవతలి సెట్టులో కోడ్ ఏమీ లేదనుకోండి. మీ మాట వాళ్లకు వినబడుతుంది, వాళ్ల మాట మీకు వినబడదు. ‘వాడు పలకట్లేదు’ అని మీరు, ‘ఇంత అరుస్తున్నా వినడేం’ అని వాళ్లు! సెట్టు పాడైందని షాపుకు తీసుకెళ్లేదాకా వెళుతుంది వ్యవహారం.

కోడ్ పెడితే మన మాటలు రహస్యంగా ఉంటాయని షాపువాళ్లు చెబుతారు. నమ్మకండి. కోడ్ ఇతరుల మాటలు మనకు వినబడకుండా చేస్తుంది తప్ప మన మాటల్ని దాచదు. వరద పనికైతే అన్ని సెట్లలోనూ కోడ్ తీసేయమనే నా సలహా. కొత్త మనిషి పక్క ఊరి సెట్టుతో వచ్చినా మీ ఛానల్ పెడితే చాలు, మాట కలుస్తుంది.

గొంతు వినగానే దానంతటదే ఆన్ అయ్యే వాక్స్ సదుపాయం ఉంటే ఆపేయండి. పడవ మోటారు హోరుకూ గాలికీ అది అదే పనిగా ఆన్ అయి ఛానల్ మొత్తం కబ్జా చేస్తుంది. చివరగా కీ లాక్ వేయండి, జేబులో ఉండగా ఛానల్ మారిపోకుండా.

ఇప్పుడు పదిహేను అడుగుల ఎడంతో నిలబడి ప్రతి సెట్టు నుంచీ ప్రతి సెట్టుకూ మాట్లాడి చూడండి. మరీ దగ్గరగా ఉంటే కీచుమంటాయి, కంగారు పడకండి.

3. దూరాన్ని కాళ్లతో కొలవండి

పెట్టె మీద ఎన్ని కిలోమీటర్లు రాసి ఉన్నా పట్టించుకోవద్దు. అవి అడ్డేమీ లేని మైదానం లెక్కలు. ఈ సెట్టు మాట దాదాపు చూపు పోయే దారిలోనే పోతుంది. గట్టు అడ్డం వస్తే ఆగుతుంది, చెట్లు అడ్డం వస్తే నీరసిస్తుంది. గోదావరి రేవులో నిలబడితే అవతలి ఒడ్డు నుంచి గొంతు ఖంగుమని వినబడుతుంది. అదే సెట్టు వెదురు పొదల మధ్య కిలోమీటరు దాటితే సంతోషించాలి.

మరి మీ ఊళ్లో ఎంత దూరం పోతుంది? నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. ఒకరు బడి దగ్గర నిలబడండి. ఇంకొకరు రెండో సెట్టుతో వాగు దారిలో నడవండి. ప్రతి మలుపు దగ్గరా ఆగి ఒకే వాక్యం చెప్పండి. బాగా వినబడితే కాగితం మీద సున్నా చుట్టండి, గరగరమంటే అడ్డగీత, అసలు వినబడకపోతే ఇంటూ. ఒక పూటలో మీ ఊరి రేడియో పటం తయారవుతుంది. దేవుడి గుట్ట, నీళ్ల ట్యాంకు, కరకట్ట లాంటి మెరక చోట్ల నుంచి తప్పకుండా చూడండి. పది అడుగులు పైకెక్కినా ఫలితం మారిపోతుంది.

ఇంటూ పడ్డ చోట ఇంకో పని చేయండి: ఒకటి రెండు అడుగులు పక్కకు జరగండి. ఈ ఫ్రీక్వెన్సీలో అల పొడవు 67 సెంటీమీటర్లు. గుట్టలకూ బండలకూ తగిలి వచ్చే అలలు ఒక చోట ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి. రెండడుగుల అవతల అవే కలిసి బలపడతాయి. యాంటెన్నాను నిటారుగా, ముఖం ఎత్తులో పట్టుకోండి. నడుముకు తగిలించుకున్న సెట్టు సిగ్నల్‌లో చాలా భాగాన్ని మన ఒళ్లే తాగేస్తుంది.

మన అడవులకు సంబంధించిన ఒక సంగతి ఏ సెట్టు పుస్తకంలోనూ ఉండదు. ఇక్కడ ఉన్నది టేకు, ఆకు రాల్చే చెట్లు. ఏప్రిల్‌లో కొమ్మలు బోడిగా ఉంటాయి, మాట దూసుకుపోతుంది. ‘అబ్బ, రెండు కిలోమీటర్లు పోతోంది’ అని ధీమాగా ఉంటాం. జూలైకి చేటంత ఆకులు వస్తాయి, వానకు తడిసి ఉంటాయి. తడి ఆకు సిగ్నల్‌ను పీల్చేస్తుంది. వేసవిలో సున్నా చుట్టిన చోట వానాకాలంలో ఇంటూ పడొచ్చు. కాబట్టి పటం రెండుసార్లు గీయాలి: వేసవిలో ఒకసారి, చిగురు ముదిరి నాలుగు వానలు పడ్డాక ఇంకోసారి. రెండో పటమే గోడకు అంటించండి.

ఇంటూలు ఎక్కువగా ఉంటే నిరుత్సాహపడకండి. మధ్యలో మెరక మీద ఒక మనిషి నిలబడి, ఇటు విన్నది అటు చెబితే సరిపోతుంది. ఇంకో మాట: మీ సెట్టు 108కీ జిల్లా కంట్రోల్ రూమ్‌కీ అందదు. అందుకే గొలుసులో చివరి మనిషి ఫోన్ సిగ్నల్ దొరికే చోట ఉండాలి. ప్రతి ఊరి వాళ్లకూ అలాంటి చెట్టో గుట్టో ఒకటి తెలుసు. ఆ మనిషి ఒక చేత్తో సెట్టు, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుంటే మీ ఊరు జిల్లా కేంద్రంతో కలిసినట్టే.

4. నొక్కండి, ఆగండి, మాట్లాడండి

బటన్ నొక్కగానే మాట్లాడితే మొదటి పదం పోతుంది. ‘వాగు దాటొద్దు’లో ‘వాగు’ పోయినా ఫరవాలేదేమో గానీ, ‘ఎడమ దారిన రండి’లో మొదటి ముక్క పోతే? నొక్కి, ఒక సెకను ఆగి, అప్పుడు మొదలుపెట్టండి. మైకు నోటికి రెండు మూడు అంగుళాల దూరంలో, కాస్త పక్కకు. అరవకండి. అరిస్తే మాట చిట్లిపోతుంది. మామూలు గొంతుతో, కొంచెం నెమ్మదిగా చెప్పండి. మాట ముగిశాక ‘ఓవర్’ అని, సంభాషణే ముగిస్తే ‘అవుట్’ అని బటన్ వదలండి. వదలకపోతే మీకేమీ వినబడదు, వేరెవరూ మాట్లాడలేరు కూడా.

మనుషుల పేర్లతో కాకుండా స్థలాల పేర్లతో పిలుచుకోండి. సెట్టు చేతులు మారినా పిలుపు మారదు. ముందు అవతలివాళ్ల పేరు, తర్వాత మీ పేరు:

‘బడి, బడి... రేవు పిలుస్తున్నా. ఓవర్.’

‘చెప్పు తమ్ముడూ, బడి వింటున్నా. ఓవర్.’

‘అన్నా, నీళ్లు మెట్ల మీదికొచ్చినయ్. కిందనుంచి మూడో మెట్టు. పడవ కట్టేశాం. ఓవర్.’

‘మూడో మెట్టు, పడవ కట్టేశారు. అర్థమైంది. అరగంటకు మళ్లీ చెప్పు. అవుట్.’

చూశారా, చివర్లో బడి దగ్గరున్న మనిషి విన్నది తిరిగి చెప్పాడు. ‘సరే’ అని ఊరుకోలేదు. ఈ ఒక్క అలవాటు మీ బృందానికి పట్టుబడితే సగం పొరపాట్లు పుట్టకముందే పోతాయి.

నొక్కే ముందు నాలుగు ముక్కలు మనసులో పేర్చుకోండి: ఎవరు, ఎక్కడ, ఏమైంది, ఏం కావాలి. నొప్పులొచ్చిన ఆడమనిషిని మంచానికి తాళ్లు కట్టి రోడ్డుకు మోసుకొస్తున్నారనుకోండి. ముందు నడిచే మనిషి ఆయాసంతో ‘అన్నా, తొందరగా రమ్మనండి, వాన పడుతోంది, దారి బాగోలేదు, చాలా కష్టంగా ఉంది’ అంటాడు. అందులో అబద్ధం లేదు, కానీ అంబులెన్స్‌కు పనికొచ్చే ముక్కా లేదు. ‘మంచం చింతచెట్టు దాటింది. ఆమె స్పృహలో ఉంది. రోడ్డుకు ఇంకో అరగంట. బండి కల్వర్టు దగ్గర ఆపండి.’ ఇది పనికొస్తుంది. ఇలా చెప్పడం చదువుతో వచ్చేది కాదు, సాధనతో వస్తుంది. నాలుగుసార్లు ఆటలా చేస్తే ఎవరికైనా వచ్చేస్తుంది.

ప్రాణం మీదికొస్తే ‘ఎమర్జెన్సీ’ అని మూడుసార్లు. అది వినగానే మిగతా అందరూ బటన్ మీంచి వేలు తీసేయాలి. దీనికి మినహాయింపు ఉండకూడదు.

5. అంకెలు విడదీసి చెప్పండి

గరగర మధ్య ‘ఇరవై’ చెబితే ‘అరవై’గా వినబడుతుంది. ‘మూడు’, ‘ఏడు’ ఒకదానికొకటి అప్పజెల్లెళ్లు. భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కి. ‘నలభై మూడు’, ‘యాభై మూడు’ల మధ్య మొదటి పదం తెగిపోతే చేతికి చిక్కేది ఒక్క ‘మూడు’. అది మొదటి హెచ్చరికా, మూడోదా? అందుకే అంకెల్ని విడదీయండి: ‘ఐదు, మూడు. మళ్లీ చెబుతున్నా. ఐదు, మూడు అడుగులు.’ తాలిపేరు ప్రాజెక్టు గేట్లు ఎన్ని ఎత్తారు, ఎంతమంది అవతల చిక్కుకున్నారు, టైమెంత, అన్నీ ఇలాగే.

ఊళ్ల పేర్లతోనూ జాగ్రత్త. ఎటపాక, నెల్లిపాక రెండూ భద్రాచలం పక్కనే ఉన్నాయి. సిగ్నల్ తెగితే వినబడేది ‘పాక’ ఒక్కటే. గుండాల అంటే అడవిలోని మండల కేంద్రమూ ఉంది, భద్రాచలం దగ్గర వేడినీటి ఊట ఉన్న గుండాలా ఉంది. గూడేల్లో కొత్తగూడెం, కొత్తపల్లి పేర్లు ఎన్నిసార్లు వస్తాయో మీకే తెలుసు. ప్రతి పేరుకూ ఒక గుర్తు కలపండి: ‘ఊట గుండాల’, ‘మండలం గుండాల’. మీకున్న పదిహేను, ఇరవై స్థలాలకు ముందే ఇలా పేర్లు పెట్టి పటం పక్కనే రాసుకోండి.

బృందంలో కోయ మాట్లాడేవాళ్లు ఎక్కువుంటే కోయలోనే మాట్లాడుకోండి. హడావుడిలో నోటికి తొందరగా వచ్చేది ఇంటి భాషే. అంకెలు ఏ భాషలో చెప్పాలన్నది మాత్రం అందరూ ముందే తేల్చుకోవాలి.

6. వినేవాడే పెద్ద

ఛానల్ ఒక్కటే. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వినాల్సిందే. పిలిచే ముందు రెండు మూడు సెకన్లు వినండి, మధ్యలో దూరకండి. అందరి మాటలూ విని, రాసి, నడిపించే ‘కంట్రోల్’ బాధ్యతను గొంతు పెద్దగా ఉన్నవాడికి కాకుండా, నిదానంగా వినే మనిషికి అప్పజెప్పండి. ఆశా కార్యకర్తో అంగన్‌వాడీ టీచరో ఈ పనికి బాగా సరిపోతారని నా నమ్మకం. ఎవరు ఏ టైమ్‌కు ఏం చెప్పారో కంట్రోల్ దగ్గర నోటుబుక్కులో రాస్తూ ఉండాలి. రాత్రి రెండింటికి కొత్త మనిషి కూర్చున్నా ఆ పేజీ చూసి పని అందుకోగలగాలి.

7. బ్యాటరీ, వాన

మాట్లాడేటప్పుడు బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది, వినేటప్పుడు తక్కువ. కబుర్లు తగ్గిస్తే అదే బ్యాటరీ ఇంకా ఎక్కువసేపు వస్తుంది. కరెంటు పోయాక అందరూ ఒకేసారి ఆన్‌లో ఉంచనక్కర్లేదు. కంట్రోల్, రేవు ఎప్పుడూ ఆన్‌లో ఉంటాయి. మిగతావాళ్లు ప్రతి గంటకూ మొదటి ఐదు నిమిషాలు ఆన్ చేస్తారు. యూఎస్‌బీతో ఛార్జ్ అయ్యే సెట్లయితే పవర్ బ్యాంకు, చిన్న సోలార్ ప్యానెల్ పనికొస్తాయి. బజారులో దొరికే పెన్సిల్ సెల్స్‌తో నడిచే మోడల్ దొరికితే ఒకటి రెండు అవి తీసుకోండి.

ఐపీ67 అని ఉన్న సెట్టు మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుంది. ఐపీ54 అయితే తుంపరల వరకే. ఏదీ లేకపోతే పల్చటి పాలిథిన్ కవర్లో పెట్టి మూతి కట్టండి, కవర్ మీంచే బటన్ నొక్కొచ్చు, మాట బాగానే పోతుంది. తడిసిన సెట్టును మాత్రం వెంటనే ఛార్జింగ్‌లో పెట్టకండి. బ్యాటరీ తీసి, గుడ్డతో తుడిచి, నీడలో గాలికి ఆరబెట్టండి.

8. ఇంకా దూరం పోవాలనిపిస్తే

కొందరికి ఈ పనిలో రుచి తగులుతుంది. మీ బృందంలో అలాంటి అమ్మాయో అబ్బాయో కనబడితే హామ్ రేడియో వైపు నడిపించండి. కేంద్ర టెలికాం శాఖ పెట్టే పరీక్షలో ఎలక్ట్రానిక్స్ ప్రాథమికాంశాలు, రేడియో నిబంధనలు ఉంటాయి. 12 ఏళ్లు నిండితే రాయొచ్చు. పాసై లైసెన్స్ తీసుకుంటే ఎక్కువ శక్తి ఉన్న సెట్లు చట్టబద్ధంగా వాడుకోవచ్చు, వ్యాపారానికి తప్ప. హైదరాబాద్‌లో 1983 నుంచి ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఇందులో శిక్షణ ఇస్తుంది. ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో అండమాన్‌కు వెళ్లి పోర్ట్‌బ్లెయిర్‌లో హామ్ కేంద్రం నడుపుతుండగానే సునామీ వచ్చింది. మిగతా దారులు తెగిపోయిన ఆ రోజుల్లో దీవుల సమాచారం బయటి ప్రపంచానికి ఆమె కేంద్రం నుంచీ వెళ్లింది. ఆమె వెళ్లింది సునామీ కోసం కాదు. పరికరాలు బిగించి ఉన్నాయి, వాడటం చేతికి అలవాటై ఉంది, అంతే.

9. వారానికి పది నిమిషాలు

మీ దగ్గర సంత ఏ రోజు? అదే రోజు పొద్దున ఏడింటికి సాధన పెట్టుకోండి. కంట్రోల్ వరసగా ఒక్కో స్థలాన్నీ పిలుస్తుంది. ప్రతి ఒక్కరూ తామున్న చోటు, బ్యాటరీ ఎంతుందో, ఒక రెండంకెల సంఖ్య చెబుతారు. కంట్రోల్ ఆ సంఖ్యను తిరిగి చెప్పాలి. తప్పితే మళ్లీ. ఏటి అవతల ఆంధ్రా వైపు ఊరి వాళ్ల దగ్గర కూడా సెట్లుంటే వాళ్లనూ ఇదే ఛానల్ మీదికి పిలవండి. నీళ్లు సరిహద్దు చూసి ఆగవు కదా. నెలకోసారి సెట్లు చేతులు మార్చండి, అప్పుడే ఇంటికొకరికి వాడటం వస్తుంది. జూన్ మొదటి వారంలో ఒకసారి చీకటి పడ్డాక, టార్చి లేకుండా, బటన్లు తడిమి చూసుకుంటూ ఇదంతా చేయండి.